నాలుగో రోజు

పొద్దున ఐదూ నలభై. మల్కాజిగిరిలో మా అపార్ట్‌మెంట్ గేటు. గేటుకి లోపలి వైపు మూడు గ్రానైటు పలకలు, అవతల రోడ్డు. సరిగ్గా రెండో పలక మీదికి రాగానే కంది కూర్చుండిపోతుంది. అలసిపోయిన కుక్క కూర్చునే తీరు కాదది. నాలుగు కాళ్లూ నేలకి అతికించినట్టు పెట్టి, తల కొంచెం పక్కకి తిప్పి, నన్ను తప్ప లోకంలో అన్నిటినీ చూస్తూ కూర్చుంటుంది. నా చేతిలో లీష్ బిగుసుకుంటుంది. ఆ చివర ఎనిమిది కిలోలు, ఈ చివర యాభై ఎనిమిది. లెక్క ప్రకారం గెలిచేది నేనే.

"మొండిది మేడమ్ ఇది" అంటాడు పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి. "ఇప్పుడే రెండు తగిలిస్తే దారికొస్తది" అంటాడు వాచ్‌మన్ అన్న. వాకింగ్‌కి వెళ్లే అంకుల్ ఒకాయన ఆగి, తన చిన్నప్పటి అల్సేషియన్ గురించి పది నిమిషాలు చెప్పి, చివరికి అదే మాట అంటాడు, కాకపోతే ఇంగ్లిష్‌లో.

నేనూ మొదట్లో మొండిదనే అన్నాను. ఆ మాటలో ఒక సౌకర్యం ఉంది. ఎదుటి ప్రాణిది మొండితనం అనుకున్నామా, ఇక ఇద్దరి పంతాల మధ్య పోటీ మొదలైనట్టే. ఎవరో ఒకరు నెగ్గాలి, నెగ్గాల్సింది పెద్దవాళ్లే. అదే భయం అనుకుంటే చిక్కు. భయపడేవాళ్ల మీద నెగ్గడం ఏమిటి? చూడ్డానికి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి. కదలదు, చూడదు, పిలిస్తే రాదు. కాబట్టి 'మొండి' అని పిలిచినప్పుడు నేను కంది గురించి చెబుతున్నట్టు కనిపించినా, ఆ తర్వాత నేను చేయబోయే పనికి ముందే అనుమతి రాసుకుంటున్నాను.

కంది నాకు జూన్‌లో దొరికింది. వానలో, నాలా పక్కన ఆపిన ఆటో కింద. కందిపప్పు రంగు, అందుకే ఆ పేరు. ఏడెనిమిది వారాల పిల్ల అన్నారు డాక్టరు గారు. టీకాలు పూర్తయ్యేదాకా వీధి నేల మీద కాలు పెట్టనివ్వొద్దన్నారు, పార్వో వస్తే బతకడం కష్టమని. సరే అన్నాను. రెండు నెలలు హాలు, బాల్కనీ, నా మంచం కింద. అంతే దాని లోకం. తర్వాత చదివితే తెలిసింది, 1965లో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుక్కపిల్లల మీద ఒక పెద్ద పుస్తకం వేశారు. కుక్కపిల్ల లోకాన్ని తనదిగా ఒప్పుకునే కిటికీ ఒకటి మూడో వారంలో తెరుచుకుని పన్నెండు, పద్నాలుగు వారాలకల్లా దాదాపు మూసుకుంటుందని వాళ్ల పరిశీలన. ఆ లోపు చూడనివి ఆ తర్వాత భయపెడతాయి. అంటే కందిని పార్వో నుంచి కాపాడిన నాలుగు గోడలే దాన్ని ఆటో హారన్‌కి, చీపురు చప్పుడికి, గొడుగు తెరిచే మనిషికి వణికిపోయేలా చేశాయి. తప్పు ఎవరిది అంటే ఎవరిదీ కాదు. అది ప్రాణాల్తో ఉంది. భయంతో ఉంది.

ఇక్కడ చిన్న పిడకల వేట. లీష్‌కి తెలుగు మాట కోసం వెతికాను. పలుపు ఉంది, పగ్గం ఉంది, ముకుతాడు ఉంది, తలుగు ఉంది. అన్నీ పశువులవే. కుక్కకి ప్రత్యేకంగా ఒక్క మాట కూడా తట్టలేదు. గొలుసు అంటాం, లేదంటే బెల్టు అంటాం. హన్మకొండ దగ్గర మా ఊళ్లో కుక్కలు చాలానే ఉండేవి కానీ ఎవరూ ఏ కుక్కనీ నడిపించుకుని వెళ్లేవాళ్లు కాదు. అవి వెంట వచ్చేవి, లేదంటే రావు. గొలుసుకి కట్టిన కుక్క అంటే పెద్దిళ్ల గేటు లోపల ఉండేది, అది మమ్మల్ని దూరంగా ఉంచడానికి. అందుకేనేమో, మొదటిసారి కంది మెడకి కొన్న ఎర్ర పట్టీ పెడుతున్నప్పుడు నాకు నేనే ఎవరో వేరే మనిషిలా అనిపించాను.

మరి కట్టడం దేనికి, వదిలెయ్యొచ్చు కదా? వదలలేను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ని వీధికుక్కలు చంపేసిన సీసీటీవీ వీడియో ఈ నగరంలో చూడనివాళ్లు తక్కువ. కంది వచ్చిన రెండు నెలలకి, 2025 ఆగస్టు 11న, ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమని సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల బెంచ్ చెప్పింది. ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల బెంచ్ దాన్ని మార్చి, ఆపరేషన్ చేసి, టీకా వేసి తిరిగి అక్కడే వదలమంది, రేబిస్ ఉన్నవీ మీదపడేవీ తప్ప. ఆ పదకొండు రోజులూ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు రెండు శిబిరాలు. మా కింద రెండో అంతస్తులో ఆరేళ్ల బాబు ఒకడున్నాడు. కిందటేడు ట్యూషన్ నుంచి వస్తుంటే పిక్క మీద కుక్క కరిచింది, వరసగా ఇంజెక్షన్లు వేయించుకున్నాడు. ఇప్పుడు లిఫ్ట్ తలుపు తెరుచుకుంటే ముందు నేల వైపు చూస్తాడు, కుక్క ఉందేమోనని. లీష్ అనేది నేను ఆ పిల్లాడికి ఇచ్చిన మాట. ఇబ్బంది ఎక్కడంటే, ఆ మాట ఇచ్చింది నేను, మోసేది కంది. దాన్ని ఎవరూ అడగలేదు.

సెప్టెంబర్ 6, నిమజ్జనం రోజు. అప్పటికి కంది కాస్తో కూస్తో గేటు దాటుతోంది. పండగ చప్పుళ్లు కొద్దికొద్దిగా అలవాటు చేస్తే మంచిదని ఎక్కడో విన్నాను. సాయంత్రం నాలుగింటికి కిందికి తీసుకెళ్లాను. మా వీధి వినాయకుణ్ని ట్రాలీ మీదికి ఎక్కిస్తున్నారు. డప్పు మీద మొదటి దెబ్బ పడింది. కంది ముందుకి కాదు, వెనక్కి లాగింది. మెడపట్టీ చెవుల మీంచి జారి, ఖాళీగా నా చేతిలో మిగిలింది. అది రోడ్డు అడ్డంగా పరిగెత్తింది. డెలివరీ బండి మీద వస్తున్న ఓ కుర్రాడు సడెన్ బ్రేక్ వేసి పడ్డాడు. మోచెయ్యి గీసుకుపోయి రక్తం. లేచి, బ్యాగు తడిమి చూసుకుని, "కుక్క మీదేనా?" అని అడిగాడు. అవునన్నాను. ఇంకేమీ అనలేదు అతను. తిట్టి ఉంటే బాగుండేది. ఆస్పత్రికి వెళ్దాం అంటే ఆర్డర్ లేటవుతుందన్నాడు.

నలభై నిమిషాల తర్వాత కంది దొరికింది. ఇస్త్రీ బండి కింద, గోనెసంచి కప్పి దాచింది బండామె. "చప్పుడికి బెదిరింది పాపం, నీళ్లు పోసిన" అంది.

ఆ రాత్రి ఎనిమిదింటికి వెళ్లి వీపుకీ ఛాతీకీ బిగిసే హార్నెస్ కొన్నాను, జారదు. మర్నాటి నుంచి నేను మారిపోయాను. ఆ కుర్రాడి మోచెయ్యి నా కళ్లలో ఉంది. ఇక ఊరుకోకూడదు, ఇది నడవాల్సిందే అనుకున్నాను. రెండో పలక మీద కూర్చుంటే లాగాను. అది కాళ్లు బిగబట్టి కూర్చున్నది కూర్చున్నట్టే జారుకుంటూ వచ్చింది. గ్రానైటు మీద గోళ్లు గీసిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. రోడ్డు మీదికి లాగాక ఏం చేస్తుంది, నడిచింది. మొదటి రోజు అలా. రెండో రోజు అలా. మూడో రోజు కొంచెం తక్కువ లాగాల్సి వచ్చింది.

నాలుగో రోజు అది కూర్చోలేదు. రెండో పలక దాటేసింది. నా పక్కన, నా వేగానికి సమంగా, వీధి చివరిదాకా వచ్చి వెనక్కి వచ్చింది. వాచ్‌మన్ అన్న నవ్వి, "చూసిండ్రా మేడమ్, దారికొచ్చింది" అన్నాడు. నాకూ గర్వంగానే అనిపించింది. లిఫ్ట్‌లోకి వెళ్లేదాకా.

లిఫ్ట్ అద్దంలో చూశాను. తోక పొట్ట కిందికి, చెవులు తలకి అంటుకుని. అప్పుడు తట్టింది, ఆ నడకంతా అది ఒక్క స్తంభాన్నీ వాసన చూడలేదు. ఒక్కచోటా ఒంటికి పోయలేదు. కుక్కకి వీధి అంటే వాసనలే కదా. వాసన చూడని కుక్క నడుస్తున్నట్టా, నడిపించబడుతున్నట్టా? సాయంత్రం కొక్కేనికి తగిలించిన లీష్ తీశాను. కంది వెల్లకిలా పడుకుని, కదలకుండా, పడుకున్నచోటే ఉచ్చ పోసుకుంది.

అమ్మకి ఫోన్ చేశాను. మనుషులం ఇలాంటప్పుడు ఫోన్ చేసేది ఓదార్పు కోసం కాదు, క్షమాపణ కోసం. అమ్మ తన ధోరణిలో ఉంది. "ఏమైతది? అలవాటైతది తియ్. నువ్వు గూడ గంతే జేసినవ్. బడి గేటు పట్టుకొని ఇడువకపోతివి. మూడు దినాలు గుంజుకపోయిన నిన్ను. నాలుగో దినం సప్పుడు జెయ్యకుండ పోయినవ్."

ఈ కథ నాకు కొత్త కాదు. పెళ్లిళ్లలో, చుట్టాల ముందు, నేనెంత మొండి పిల్లనో చెప్పడానికి అమ్మ వాడే కథే ఇది. అందరం నవ్వుతాం. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. నాలుగో రోజు నేను బడికి ఒప్పుకున్నానా? లేక ఏడ్చి లాభం లేదని అర్థమైందా? నాకు గుర్తు లేదు. బయటి నుంచి చూసినవాళ్లకి రెండూ ఒకటే. పిల్ల ఏడవట్లేదు.

ఈ రెండింటి తేడా మీద కుక్కలతోనే చేసిన ప్రయోగం ఒకటుంది. చాలామంది పేరు విని ఉంటారు. అమెరికాలో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ చేశారు, 1967లో పేపరు వచ్చింది. కుక్కల్ని ఊయలలాంటి పట్టీల్లో కట్టి కరెంటు షాకులిచ్చారు. కొన్నిటికి తలతో ఒక పలకని నొక్కితే షాకు ఆగుతుంది. ఇంకొన్నిటికి అవే షాకులు, అంతే సేపు, కానీ అవి ఏం చేసినా ఆగవు. తర్వాత అన్నిటినీ మధ్యలో చిన్న అడ్డు ఉన్న పెట్టెలో వదిలారు. అడ్డు దూకితే చాలు, అవతల షాకు లేదు. మొదటి రకం దూకాయి. రెండో రకంలో చాలా వరకు పడుకుని మూలుగుతూ భరించాయి. 'నేర్చుకున్న నిస్సహాయత' అని పేరు పెట్టారు దానికి. ఆ కుక్కలు మేలుజాతివి కావు, మన కందిలాంటి నాటు కుక్కలే. మనిషి నిరాశ గురించి మనకి తెలిసినదాంట్లో కొంత, వద్దు అని చెప్పే దారి లేని ప్రాణుల దగ్గర్నుంచి అలా వచ్చింది. ఆ వాక్యం రాసి దాటిపోవడం సులువు కాదు, కానీ దాటిపోతున్నాను.

లాగడం తప్పని ఈ ప్రయోగంతో తేల్చేసి, కన్నీళ్లు తుడుచుకుని ఇంటికెళ్లిపోదామనుకున్నాను. కథ అక్కడ ఆగలేదు. మరుసటి ఏడాది, 1968లో, అదే బృందం ఆ పడుకుండిపోయిన కుక్కల్ని బాగుచేయడానికి ప్రయత్నించింది. అడ్డు తీసేశారు. పిలిచారు. అవతల తిండి పెట్టి ఆశ చూపారు. లేవలేదు. చివరికి ఏం చేశారంటే, మెడకి పొడవాటి లీష్ కట్టి, షాకు లేని వైపుకి లాగారు. మళ్లీ లాగారు. మళ్లీ. మొదట్లో బరువుగా లాగాల్సి వచ్చింది, రానురాను తక్కువ బలం సరిపోయింది, ఓ దశలో కుక్క తనంతట తాను లేచి దాటింది. ఆ తర్వాత దాటుతూనే ఉంది.

ఇది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. అంటే లాగడం కూడా మందే? అమ్మ కరెక్టేనా? మూడో రోజు తక్కువ బలం సరిపోవడం నా దగ్గరా జరిగిందే. చూడబోతే ఒకటే పని, ఒకటే తాడు, ఒకటే లెక్క.

తేడా ఏమిటంటే, ఎటు లాగుతున్నాం అన్నది. ఆ కుక్కల్ని లాగింది నొప్పి ఆగే చోటికి. దాటిన ప్రతిసారీ వాటి ఒంటికి తెలుస్తోంది, కదిలితే ఆగుతుంది అని. నేను కందిని లాగింది భయం లేని చోటి నుంచి భయం ఉన్న చోటికి. కదిలినా కూర్చున్నా దాని కష్టంలో ఏమీ మారలేదు. 2016లో సెలిగ్మన్, మేయర్ యాభై ఏళ్ల పనిని వెనక్కి తిరిగి చూసుకుని, మేం తలకిందులుగా అనుకున్నాం అని రాశారు. నిస్సహాయత నేర్చుకునేది కాదట. బాధ ఆగకుండా ఉంటే మెదడు తనంతట తాను చేసే పనే అది. నేర్చుకోవాల్సింది రెండోది, నా చేతిలో ఏదో ఉంది అన్నది. పరిశోధకులు తమ జీవితకాలపు సిద్ధాంతాన్ని ఇలా తిరగేసుకోవడం నాకు ముచ్చటేసింది. అంతకన్నా ముఖ్యంగా, నేను చేయాల్సిన పని అర్థమైంది. లోకంలో ఏదో ఒకటి తన వల్ల మారుతుందని కందికి ముందు తెలియాలి. అంటే అది వద్దు అంటే ఏదైనా ఆగాలి.

మళ్లీ మొదలుపెట్టాను. హార్నెస్‌ని దాని గిన్నె పక్కన పడేసి వారం రోజులు ముట్టుకోలేదు. తర్వాత చేత్తో గుండ్రంగా పట్టుకుని కూర్చునేదాన్ని, ఇటు పక్క ఉడికించిన కోడిముక్క. తల దూర్చితే ముక్క, తీసేసుకున్నా ఏం కాదు. తొడిగింది ఎప్పుడో తర్వాత. లీష్ కట్టి చివర వదిలేస్తే హాల్లో తోకలా ఈడ్చుకుంటూ తిరిగేది. ఆ చివర నా చేతిలోకి రావడానికి ఇంకో నాలుగు రోజులు. తర్వాత గుమ్మం. తర్వాత లిఫ్ట్ దాకా. నియమం ఒకటే: తాడు బిగిస్తే నా కాళ్లు ఆగాలి, దాని కాళ్లు కాదు. అది కూర్చుంటే నేనూ కూర్చుంటాను. అది వెనక్కి తిరిగితే ఇద్దరం ఇంటికి. గేటు దాకా రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆఫీసు స్టాండప్ కాల్ ఎన్నోసార్లు ఆ రెండో పలక మీద కూర్చునే మాట్లాడాను.

"లంచం ఇస్తున్నావు కదా" అన్నాడు ఓ స్నేహితుడు. ఈ మాట తేలిగ్గా తీసేయలేను. పావ్లోవ్ తన ఉపన్యాసాల్లో ఒక కుక్క గురించి చెబుతాడు. గంట, లాలాజలం అని మనం బళ్లో చదువుకున్న పావ్లోవే. ఆ కుక్క సౌమ్యమైనదే కానీ ప్రయోగపు బల్ల మీద కట్టేస్తే ఊరుకునేది కాదు, ఎన్నాళ్లైనా గింజుకునేది. చివరికి ఆయనకి తట్టింది, ఇది స్వేచ్ఛ తాలూకు సహజ ప్రతిక్రియ అని, ప్రాణులకి పుట్టుకతో వచ్చేవాటిలో చాలా ముఖ్యమైనదని. అంత గొప్ప మాట అని, మరి ఏం చేశాడు? దానికి తిండి ఆ బల్ల మీద తప్ప ఇంకెక్కడా పెట్టలేదు. మొదట సరిగ్గా తినక చిక్కిపోయింది. తర్వాత తినడం మొదలుపెట్టింది. తర్వాత గింజుకోలేదు.

నేను చేస్తున్నదీ అదేనా? ఒక తేడా పెట్టుకున్నాను, అది సరిపోతుందో లేదో మీరే చెప్పండి. కంది బయటికి రాని రోజు కూడా దాని గిన్నెలో అన్నం, కోడి, గుమ్మడికాయ మామూలుగానే పడతాయి, ఒక్క ముద్ద తగ్గదు. వద్దన్నందుకు ఆకలి ఉండదు. ఆకలి వెనకాల నిలబెట్టి తెచ్చుకున్న 'సరే'ని సరే అని నేను అనలేను. పిల్లల దగ్గరా, ఉద్యోగాల్లోనూ మనం తెచ్చుకునే ఒప్పుకోళ్లలో ఈ రకానివి ఎన్నో అని ఆలోచిస్తే కొంచెం దిగులేస్తుంది.

అలాగని దాని ప్రతి వద్దుకీ తలవంచుతున్నానని కాదు. రేబిస్ టీకాకి ఎత్తుకునే వెళ్లాను, గిలగిల్లాడుతుంటే గట్టిగా పట్టుకునే ఉన్నాను. రోడ్డు మధ్యలో కూర్చుంటే అక్కడ తత్వచర్చ ఉండదు, చంకలో వేసుకుని దాటడమే. అక్కడ బలం వాడుతున్నాను, వాడుతున్నానని నాకు తెలుసు. నేను భరించలేనిది అలా తెలిసి వాడిన బలాన్ని కాదు. నాలుగో రోజు పొద్దున నాకు కలిగిన గర్వాన్ని.

ఈ ఓపికంతా ఒక ఆస్తి అని కూడా ఒప్పుకోవాలి. ఇంటి నుంచి పని, జీతం, పన్నెండు రోజులు గేటు దగ్గర కూర్చున్నా ఊడిపోని ఉద్యోగం. ఇస్త్రీ బండి ఆమెకి ఈ వెసులుబాటు లేదు. ఆమె చేసిందల్లా బెదిరిన కుక్కకి గోనెసంచి కప్పి, నీళ్లు పోసి, మళ్లీ చీరలు మడత పెట్టుకోవడం. నేను ఇంత చదివి చేసినదానికన్నా అది తక్కువేం కాదు.

ఇక రెండో అంతస్తు పిల్లాడు. కుక్కలున్న ప్రతివాళ్ల నోట్లో ఒక వాక్యం ఉంటుంది: "ఏం చేయదండీ." నవ్వుతూ అంటాం. నేను ఎన్నిసార్లన్నానో. లిఫ్ట్ దగ్గర ఆ పిల్లాడు గోడకి అతుక్కుపోయి ఉంటే, "ఏం చేయదు నాన్నా, ముట్టుకో." వాళ్లమ్మ కూడా వాడి చెయ్యి పట్టి ముందుకి లాగుతూ, "చూడు, చిన్న కుక్క, ఏం కాదు, మొండిచెయ్యకు." ఒకరోజు ఆ మాట వింటుండగా వాడి చెప్పుల వైపు చూశాను. మడమలు వెనక్కి తన్ని పెట్టి, జారకుండా. ఆ భంగిమ నాకు బాగా తెలుసు. రోజూ పొద్దున ఐదూ నలభైకి చూస్తున్నదే. కంది భయాన్ని అర్థం చేసుకోవడానికి నెలలు పెట్టిన నేను, వాడి భయాన్ని ఒక నవ్వుతో కొట్టిపారేస్తున్నాను. ఆ రోజు నుంచి ఆ వాక్యం మానేశాను. వాళ్లు లిఫ్ట్ దగ్గరుంటే మేం పక్కకి తప్పుకుని తర్వాతిదాంట్లో వెళ్తాం. వాడికి కుక్కలంటే ఇష్టం కలగాలని నేను కోరుకోవడం మానేశాను. అది వాడి పని కాదు. లీష్ పట్టుకోవడం నా పని.

మహాభారతంలో కుక్క అనగానే అందరికీ ధర్మరాజు వెంట నడిచినదే గుర్తొస్తుంది. తిక్కన ముగింపుకి వచ్చే చోట ఆ కుక్క. కానీ నన్నయ మొదలుపెట్టిన చోట ఇంకొకటుంది, సరమ కొడుకు. జనమేజయుడి యాగశాల దగ్గర ఆడుకుంటుంటే, దేన్నీ ముట్టుకోకపోయినా, రాజు తమ్ముళ్లు కొట్టారు. ఏడుస్తూ తల్లి దగ్గరికి వెళ్లింది. సరమ వచ్చి నిలదీసింది. అలాంటి పని చేసేవాళ్లకి కారణం లేని భయాలు వచ్చిపడతాయని చెప్పి వెళ్లిపోయింది. చిన్నప్పుడు ఇది శాపం అనుకున్నాను. ఇప్పుడు అంత నమ్మకం లేదు. లీష్‌ని బిగించి పట్టుకున్న ఆ మూడు రోజుల్లో కందికన్నా ఎక్కువ వణికింది నేనేమో. ప్రతి బండిలో ఆ మోచెయ్యి కనపడేది. ధర్మరాజు కుక్కకి తాడు లేదు, నిజమే. అది మహాప్రస్థానం, ఇది మల్కాజిగిరి, షేర్ ఆటోలుంటాయి.

ఇప్పుడు జనవరి. కంది పద్నాలుగు కిలోలు. వారంలో నాలుగైదు రోజులు గేటు దాటుతుంది, స్తంభం స్తంభానికీ ఆగి చదువుకుంటూ నడుస్తుంది. లీష్ తీస్తే తోక ఊపే రోజులున్నాయి, సోఫా వెనక్కి వెళ్లిపోయే రోజులున్నాయి. చెత్త బండి పాట వినపడితే ఇప్పటికీ రెండో పలకే. పిల్లాడు మెట్ల మీంచే వెళ్తున్నాడు.

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అమ్మని అడిగాను. "నాలుగో దినం నేను ఎందుకు ఏడవలేదే?"

అమ్మ చకినాలు చుడుతోంది. పిండి చేతులతోనే కాసేపు ఆలోచించింది.

"ఆ దినం నేను ఇంటికి రాలే. బడి గేటు కాడ్నే కూసున్న. నీకు కిటికీల నుంచి కనవడేటట్టు."

ఈ ముక్క ఆ కథలో ఎప్పుడూ లేదు. పెళ్లిళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. నాకూ గుర్తు లేదు, కిటికీ గానీ, గేటు గానీ, అమ్మ గానీ.

"రోజూ కూసున్నవా?"

"ఏడికెల్లి కూసుంట? రెండు మూడు దినాలు కూసున్న. ఎన్క నాట్లు పడ్డయి" అంది, ఇంకో చకినం మొదలుపెడుతూ.